కాంక్రీటు ఎవరు పోశారు? షోలవరం నుంచి చెట్టిపాళయం దాకా రేసు ట్రాకుల లెక్క

ఇంతవరకు ఇక్కడ మన పెద్దల వలస గురించి, ఇంటిపేర్ల గురించి, పెళ్ళి తంతుల గురించి రాసుకున్నాం. ఈసారి మోటారు రేసుల లెక్క రాస్తున్నాం. మనకూ రేసులకూ ఏం సంబంధం అనుకోకండి. దక్షిణ దేశపు రేసుల చరిత్రలో కోయంబత్తూరు తెలుగువాళ్ళ పేరు పెద్దగానే ఉంది. రెండో కారణం మా ఇంట్లోనే పుట్టింది. పోయిన సంవత్సరం మా తమ్ముడు హొసకోటె దగ్గరి సైటు పత్రాలు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకుందామన్నాడు. ట్రాక్ డేలు నడపడానికి.

ట్రాక్ డే అంటే పోటీ కాదు. కప్పులుండవు, గెలుపోటములుండవు. ఉద్యోగం చేసుకునేవాళ్ళు, అంగడి నడుపుకునేవాళ్ళు తమ బైకో కారో తెచ్చుకొని, ఫీజు కట్టి, నిజమైన రేసు ట్రాక్ మీద ఒక రోజంతా నడుపుకుంటారు. రోడ్డు మీద పందేలు పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఒప్పుకోదు, ప్రాణాలూ పోతాయి. కాబట్టి ఇది మంచి పనే. మా తమ్ముడు స్నేహితులతో కలిసి ఒకసారి నడిపాడు కూడా. కొంచెం నష్టం వచ్చింది. "మొదటిసారి కాబట్టి అట్లయింది, ఏడాదికి నాలుగు చేస్తే లాభమే" అని వాడి మాట. నాయన ఔననలేదు, కాదనలేదు. "ఇంతకుముందు ఈ పని చేసినవాళ్ళకి ఏమయిందో చూసి చెప్పండి" అన్నారు. అట్లా మొదలైంది ఈ వెతుకులాట.

కోయంబత్తూరు నుంచి పెదమామ వచ్చి ఉన్నారు. ఆయన మిల్లు యంత్రాల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు రైలెక్కి మద్రాసు పోయి షోలవరం రేసులు చూసినవారు. విషయం విని నవ్వారు. "రేసు జరిపేవాడికి ఏం మిగలదురా. చూసి ఇంటికొచ్చేవాడికే లాభం" అన్నారు.

షోలవరం మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు పోయే పాత ట్రంకు రోడ్డు పక్కన ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాడు అక్కడ విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, గట్టి నేల మిగిలింది. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పుట్టింది. తర్వాతి మూడు దశాబ్దాలకు పైగా ఈ క్లబ్బు రేసులకు ఆ రన్‌వేయే వేదిక. ఇది ఒక్క మద్రాసు సంగతి కాదు. బొంబాయిలో జుహూ, కలకత్తా దగ్గర బారక్‌పూర్ కూడా విమానాల నేలలే. ఇంగ్లండులో ఈనాడు ఎంతో పేరున్న సిల్వర్‌స్టోన్ కూడా యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డే. 1948లో అక్కడ రేసులు మొదలయ్యాయి.

ఎందుకు అన్నీ విమానాల నేలలే? లెక్క చాలా తేలిక. రేసుకు అన్నిటికన్నా పెద్ద ఖర్చు నేల. మైళ్ళకొద్దీ వెడల్పాటి గట్టి రోడ్డు, దాని చుట్టూ ఖాళీ స్థలం కావాలి. ఒక క్లబ్బు సభ్యుల చందాలతో అది అయ్యే పని కాదు. యుద్ధం ఆ కాంక్రీటు పోసిపెట్టింది. క్లబ్బు చేయాల్సిందల్లా అనుమతి తెచ్చుకోవడం, ఎండుగడ్డి కట్టలు పేర్చడం, తాళ్ళు కట్టడం, టికెట్లు అమ్మడం. జనం వేలల్లో వచ్చేవారు. టీవీ లేని రోజులు, వేరే వేడుక తక్కువ. టికెట్టు దుడ్డుతో, కంపెనీల బోర్డుల దుడ్డుతో ఖర్చు గట్టెక్కేది.

బండ్లు కూడా ఉన్నవాటితోనే సరిపెట్టుకున్నారు. లైసెన్సు రాజ్యంలో బయటినుంచి రేసు కారు తెప్పించుకోవడం రాజావార్లకో పెద్ద వ్యాపారులకో తప్ప కాని పని. మిగిలినవాళ్ళు ఫియట్లు, అంబాసడర్లు, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డులు విప్పి, బరువు తగ్గించి, ఇంజను చెక్కి దించేవారు. బైకుల్లో మద్రాసు ఎన్‌ఫీల్డు ఉండేది, మా మైసూరు జావా, యెజ్డీ ఉండేవి. పెదమామకు ఇప్పటికీ రేసు అంటే యెజ్డీ పొగ వాసనే. "బురదలో పడినా రెండు రోజుల్లో లేచి నడిచే బండి" అంటారు. ఎవరి మెకానిక్కు వాళ్ళ ఇంటి పక్కవాడే. పాల్గొనేవాడి ఖర్చు తక్కువ, జరిపేవాడి ఖర్చు తక్కువ. అందుకే అన్నేళ్ళు నడిచింది.

తక్కువ ఖర్చుకు ఇంకొక కారణం ఉంది. దాన్ని దాచి రాస్తే తప్పవుతుంది. ఆ రోజుల్లో ప్రాణానికి కట్టిన వెల తక్కువ. గడ్డి కట్ట వెనకే జనం నిలబడేవారు. ఈనాడు అట్లా జరిపితే ఏ అధికారీ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. పాత రేసుల లాభంలో కొంత ఆ పెట్టని ఖర్చులోంచి వచ్చిందే. "ఆ కాలంలో ఎంత బాగా జరిగేవో" అని మన పెద్దలు చెప్పేటప్పుడు ఈ మాట కూడా గుర్తు పెట్టుకోవాలి.

1990లో ఆ క్లబ్బే శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ తెరిచింది. సుమారు 3.7 కిలోమీటర్ల చుట్టు. అప్పటినుంచి నేల ఖర్చు కూడా లెక్కలోకి వచ్చింది. తారు పాడైతే మళ్ళీ వేయాలి, మలుపుల బయట ఇసుక, టైర్ల గోడలు ఉండాలి, కాపలా ఉండాలి, ఏడాది పొడుగునా గడ్డి కోయాలి. రేసులు మాత్రం ఏడాదికి కొన్ని వారాంతాలే. మిగిలిన రోజులు ఖాళీగా ఉంటే ఆ ఖర్చు ఎక్కడినుంచి రావాలి? బైకు కంపెనీల పరీక్షలు, డ్రైవింగ్ శిక్షణలు, ట్రాక్ డేలు, అన్నీ ఆ ఖాళీ రోజులకు బాడుగ తెచ్చే దారులే. అంటే ట్రాక్ డే ఎవరి లాభం కోసమో కనిపెట్టిన వ్యాపారం కాదు, ఖాళీగా ఉన్న కాంక్రీటును ఊరికే ఉంచలేక పుట్టింది. ఈ సంగతి అర్థమయ్యాక మా తమ్ముడి లెక్క మాకు వేరేగా కనిపించింది.

ఇక కోయంబత్తూరు సంగతి. విజయనగరం, నాయకరాజుల కాలాల్లో వచ్చి అక్కడి నల్లరేగడిలో పత్తి వేసుకున్న తెలుగు నాయుళ్ళ కథ మన వాళ్ళందరికీ తెలిసిందే. పత్తి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి యంత్రాలకు పోయారు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టారు. 1920లో జి.డి. నాయుడు పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపారు. 1930లలో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు పెరిగాయి, వాటితోపాటే ఫౌండ్రీలు, లేతు షెడ్లు, మోటార్లు, పంపులు వచ్చాయి. ఏ వీధిలో చూసినా ఇనుము కోసే చేతులే. రేసు కారు తయారుకావాలంటే కావలసింది సరిగ్గా అదే.

ఆ లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టినవాడే ఎస్. కరివర్ధన్. ఆయన షోలవరంలో నడిపినవాడు, నడిపించినవాడు. ఆయన చేసిన పెద్ద పని గెలుపు కాదని మాకు అనిపిస్తుంది. 1980ల చివర్లో మారుతి 800 ఇంజను పెట్టి, ఒకే మనిషి కూర్చునే చిన్న రేసు కార్లు కోయంబత్తూరులోనే తయారు చేయించాడు. దాన్నే ఫార్ములా మారుతి అన్నారు. అందరికీ ఒకే రకం కారు, ఒకే రకం ఇంజను. చెడిపోతే విడిభాగాలు ఏ ఊరి అంగడిలోనైనా దొరుకుతాయి. డబ్బున్నవాడు ఎక్కువ ఇంజను కొనుక్కుని గెలిచే దారి మూసుకుపోయింది. కోయంబత్తూరు కుర్రవాడు నరైన్ కార్తికేయన్ మొదటి రేసు నడిపింది ఆ ఫార్ములా మారుతిలోనే, శ్రీపెరంబుదూరులో. 2005లో ఆయన ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు.

కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. తర్వాత చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల ట్రాక్ తయారై 2003లో తెరిచారు. దానికి ఆయన పేరే పెట్టి కరి మోటార్ స్పీడ్‌వే అన్నారు. పెదమామ అంటారు, "మిల్లు దుడ్డు, ఫౌండ్రీ చేతులు, ఒక మనిషి పిచ్చి, ఈ మూడూ కలిస్తే అయింది" అని. మూడింటిలో దుడ్డు రేసులోంచి పుట్టలేదన్నది గమనించండి.

బయటి దేశాల్లో చూసినా ఇదే వరస. ప్రపంచంలో మోటారు రేసుల కోసమే కట్టిన మొదటి పెద్ద ట్రాక్ ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్. 1907లో హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి తన పొలంలో కట్టించాడు. సుమారు 1,50,000 పౌండ్లు అయింది, ఆ కాలానికి అది ఆస్తి కరిగిపోయే మొత్తం. ఫీజు కట్టి ఎవరైనా తమ కారు తెచ్చుకొని నడుపుకోవచ్చని అప్పుడే ఏర్పాటు ఉండేది. మన ట్రాక్ డేకి తాతలాంటిది. ఆ ఫీజులు ఆయన పెట్టుబడిని తిరిగి తేలేదు. జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్‌ను 1920లలో పేద కొండప్రాంతానికి కూలిపనులు కల్పించడానికి ప్రభుత్వ సొమ్ముతో కట్టారు. 1927లో తెరిచినప్పటినుంచి మామూలు జనం టోలు కట్టి నడుపుకుంటున్నారు. అంత పేరు, అంత రద్దీ ఉన్న ఆ ట్రాకే తర్వాత చుట్టూ కట్టిన వినోద కేంద్రాల అప్పులతో 2012లో దివాలా తీసింది. మన దేశంలో 2011లో నోయిడా దగ్గర తెరిచిన బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ మూడేళ్ళే నడిచింది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుసేన్ సాగర్ పక్క వీధుల్లో ఫార్ములా ఇ జరిగింది. మరుసటి ఏడాది జరగాల్సింది, ప్రభుత్వం మారాక, రద్దయింది. ప్రతిచోటా కాంక్రీటు పోసినవాడు ఒకడు, దాని మీద నడిచేవాడు ఇంకొకడు. పోసినవాడు యుద్ధం చేసిన ప్రభుత్వమో, భూస్వామో, మిల్లు కుటుంబమో, బిల్డరో.

ఇప్పుడు మా తమ్ముడి నోటుపుస్తకానికి వద్దాం. ట్రాక్ బాడుగ ఏటేటా మారుతుంది, వారం మధ్యలో ఒక రేటు, శని ఆదివారాలకు ఒక రేటు. అందుకని గుండ్రటి అంకెలు వేసుకున్నాం. అంకెలు మావి, వరస మాత్రం ఎవరికైనా ఇదే.

ట్రాక్ బాడుగ, రెండు అంబులెన్సులు, డాక్టరు, జెండాలతో మలుపుల దగ్గర నిలబడే మార్షల్స్, పడిన బండిని లాగే బండి, మంటలార్పే సరంజామా, శిక్షకులు, ప్రచారం కలిపి 6 లక్షలు అనుకుందాం. ఒక్కడు వచ్చినా డెబ్బై మంది వచ్చినా ఇది మారదు. ఒక్కొక్కరి దగ్గర తీసుకునే ఫీజు 12,000. అందులో 18 శాతం జీఎస్టీ పోతే చేతికి వచ్చేది సుమారు 10,170. భోజనం, నీళ్ళు, స్టిక్కర్లు, ఆన్‌లైన్ చెల్లింపు ఖర్చు కలిపి మనిషికి 1,500. మిగిలేది 8,670. ఆరు లక్షల్ని దీంతో భాగిస్తే 70 మంది వస్తేనే అసలు లెక్క సరిపోతుంది.

సరే, 150 మందిని తీసుకుందామంటే కుదరదు. కొత్తవాళ్ళు, కొంచెం తెలిసినవాళ్ళు, బాగా తెలిసినవాళ్ళు అని మూడు గుంపులు చేయాలి. ఒక్కో గుంపు గంటలో ఇరవై నిమిషాలు నడుపుతుంది, మిగతా నలభై నిమిషాలు చల్లారుతుంది. ఒకేసారి ట్రాక్ మీద ఎంతమంది ఉండవచ్చు అన్నదానికి హద్దుంది. గుంపుకు 25 అనుకుంటే మొత్తం 75. అంటే డెబ్బై మంది ఖర్చులకు, చివరి అయిదుగురే లాభం. అన్నీ బాగా జరిగితే మిగిలేది సుమారు 50,000. చివరి వారంలో పదిమంది "ఆఫీసులో రిలీజ్ ఉంది, రాలేం" అంటే 65 మంది. నష్టం సుమారు 36,000. అరవైమందే వస్తే దాదాపు 80,000 నష్టం. మూడు నెలలు తిరిగిన తిరుగుడుకు కూలి ఇందులో ఎక్కడా వేయలేదు.

మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగం. అన్నీ సరిగ్గా నడిచినప్పుడు ఏమవుతుంది అనేది మా ప్రశ్న కాదు, ఎక్కడ పగులుతుంది అనేదే మా పని. ఈ లెక్కను అట్లా తట్టి చూశాం.

మొదట ఫీజు. దాన్ని 15,000 చేస్తే? వచ్చేవాడికి ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. బెంగళూరు నుంచి శ్రీపెరంబుదూరుకు మూడు వందల కిలోమీటర్లు. బైకు నడుపుకుంటూ పోయి, అదే బైకుతో ట్రాక్ మీద తిరిగి, అలసిన ఒళ్ళుతో మళ్ళీ నడుపుకుంటూ రావడం తెలివైన పని కాదు, కాబట్టి టెంపో బాడుగ. లాడ్జి, పెట్రోలు, తోలు సూటు, అరిగిన టైర్లు, బ్రేకు ప్యాడ్లు. మామూలు వాహన బీమా రేసులకు, వేగ పరీక్షలకు వర్తించదు. ట్రాక్ మీద పడితే ఆ ఖర్చు సొంతానిదే అనుకోవాలి. ఇన్ని మోసేవాడి మీద ఇంకో మూడు వేలు వేస్తే రెండోసారి రాడు.

తర్వాత వాన, ఎండ. చెన్నై వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన భయం. ఏప్రిల్ వచ్చిందంటే తారు కాలుతుంది. నడుమ మంచి నెలలు మూడు నాలుగే, వాటికోసం అందరూ పోటీ. వారం మధ్యలో బాడుగ తక్కువ, కానీ జీతగాళ్ళు రారు.

అన్నిటికన్నా ముఖ్యం అంబులెన్సు. మొదటిసారి నడిపినప్పుడు మావాళ్ళు ఖర్చు తగ్గించడానికి ఒక్క అంబులెన్సే పెట్టుకున్నారు. మధ్యాహ్నం ఒక కుర్రవాడు మలుపులో జారి పడ్డాడు. మెడ ఎముక కాదు, భుజం దగ్గరి కాలరు ఎముక విరిగింది, దేవుడి దయ. అంబులెన్సు అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయింది. అంబులెన్సు లేకుండా ట్రాక్ మీద ఎవరినీ వదలకూడదు. అది తిరిగి వచ్చేదాకా గంటంబావు ట్రాక్ ఆగిపోయింది. డబ్బు కట్టినవాళ్ళు గొణిగారు, కొంతమందికి కొంత తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. మిగుల్చుకున్న బాడుగ కన్నా తిరిగి ఇచ్చింది ఎక్కువ. ఆ గంటంబావులో ఎవరో ఒకరు తొందరపడి "ఒక్క సెషన్ వదిలేద్దాం" అనలేదు, అదొక్కటే మాకు గర్వం. షోలవరం నాటి గడ్డికట్టల పొదుపు ఇప్పుడు పనికిరాదని మా తమ్ముడికి ఆ రోజే తెలిసింది.

ఇవన్నీ నాయన ముందు పెట్టాం. అవ్వ కూడా విన్నారు. "ఆ సైటు మీ తాత పట్టుపురుగులు మేపి కొన్నది. ఒక ఆదివారం వానకు పోతే ఎట్లా?" అని అడిగారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

సైటు పెట్టలేదు. తమ్ముడు పది రోజులు మాట్లాడలేదు. అప్పుడు పెదమామే వాణ్ణి కూర్చోబెట్టుకొని చెప్పారు. "ఒరేయ్, కరివర్ధన్ కార్లు చేశాడే, ఏం చేశాడు? ఫీజు పెంచలేదు. నడిపేవాడి ఖర్చు తగ్గించాడు. ఖర్చు తగ్గితే మనుషులు వస్తారు. నువ్వు కాంక్రీటు మోయొద్దు, మనుషుల్ని మొయ్యి."

ఇప్పుడు వాడు రోజంతా ట్రాక్ బాడుగకు తీసుకోవడం లేదు. చెన్నై, కోయంబత్తూరు స్నేహితుల గుంపులు రెండింటితో కలిసి ఒక రోజును మూడు పాళ్ళు చేసుకుంటున్నారు. కొత్తవాళ్ళ గుంపు మా తమ్ముడిది. బెంగళూరు నుంచి పది బైకులు ఒకే టెంపోలో, తోలు సూట్లు బాడుగకు, ముందుగా డబ్బు కట్టినవాళ్ళకే చోటు. అంబులెన్సులు రెండు, దాని మీద చర్చే లేదు. నష్టం వచ్చినా మూడో వంతే. మొన్న జరిగినదానిలో అన్నీ పోగా వాడి చేతికి వచ్చింది ఒక మంచి హెల్మెట్టుకు కూడా చాలదు. వాడు నవ్వుతూనే ఉన్నాడు. ఉద్యోగం వదలలేదు, అది మాకు చాలు.

ఇది వ్యాపారమా అంటే కాదు. నష్టమా అంటే అదీ కాదు. మన ఊళ్ళల్లో హరికథ పెట్టించేవాళ్ళు లాభం లెక్క వేసుకునేవారా? ఖర్చు గట్టెక్కితే చాలు, వచ్చే ఏడు మళ్ళీ పెట్టొచ్చు అనుకునేవారు. కాకపోతే వాళ్ళూ ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి హరికథ పెట్టించలేదు.

చదివినవాళ్ళకు ఒక మనవి. మీ ఇళ్ళల్లో షోలవరం రేసుల టికెట్టు గానీ, ఫోటో గానీ, కోయంబత్తూరు షెడ్లలో ఫార్ములా మారుతి కార్ల మీద పనిచేసిన పెద్దలు గానీ ఉంటే మాకు తెలియజేయండి. నడిపినవాళ్ళ పేర్లు పేపర్లలో ఉన్నాయి. ఇనుము కోసినవాళ్ళవి ఎక్కడా దొరకడం లేదు, అవి మన ఇళ్ళల్లోనే ఉంటాయి. మా తెలుగు కన్నడ బడిలో చదివినవాళ్ళ తెలుగు, ఇంట్లో విని నేర్చింది. తప్పులుంటే పెద్ద మనసుతో దిద్దండి.